ఇబ్నుల్ హైసమ్ - ప్రధాన సంఖ్యల ఆనవాలు

ఇబ్నుల్ హైసమ్ అన్న నామధేయం మన కళాశాల విద్యార్థులలో చాలమందికి భౌతికశాస్త్రం ద్వారానే పరిచయం. కంటి నుండి కిరణాలు వెలువడి వస్తువును తాకడం వల్ల కాక, వస్తువు నుండి వచ్చిన కాంతి కంటిని చేరడం వల్లనే చూపు కలుగుతుందని స్థాపించిన శాస్త్రవేత్తగా ఆయనను ఉర్దూ చదివేవారూ, తెలుగు చదివేవారూ సమానంగా ఎరుగుదురు. ఐతే ఆ మహనీయుడు ప్రధాన సంఖ్యలకు ఒక అపూర్వమైన ఆనవాలును గుర్తించి, దానిని ఒక చిన్న లెక్కలో వినియోగించి చూపారన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆ ఆనవాలు నేడు పాఠ్యగ్రంథాలలో వేరొకరి పేర చలామణి అవుతున్నది. ఈ సంగతిని ఆయన జీవితకథతో కలిపి చెప్పాలన్న సంకల్పంతో మేము ఈ వ్యాసానికి పూనుకున్నాం.

ఆయన పూర్తి పేరు అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హసన్ ఇబ్నుల్ హైసమ్. అల్ హసన్ అన్న పేరునే ఐరోపావారు అల్‌హాజెన్‌గా మార్చుకున్నారు. హిజ్రీ 354, అనగా క్రీ.శ. 965 ప్రాంతంలో ఇరాక్ దేశంలోని బస్రా నగరంలో ఆయన జన్మించారు. బస్రా ఆనాడు గొప్ప రేవుపట్టణం. వర్తకానికీ, విద్యకూ కూడ నిలయం. బాల్యాన్ని గూర్చిన వివరాలు స్వల్పం. 1027 నాటికి తాను వ్రాసుకున్న ఆత్మకథనంలో మాత్రం, పసితనం నుండే వేర్వేరు వర్గాల విశ్వాసాలను పరిశీలిస్తూ వచ్చాననీ, ఒకరి మాటను మరొకరు ఖండించడం చూచి సందేహంలో పడ్డాననీ, తుదకు అనుభవానికీ, తర్కానికీ లోబడిన విద్యలే తనకు శరణ్యమయ్యాయనీ ఆయన తెలియజేశారు. సందేహించడం ఆయనకు వ్యసనం కాదు, పద్ధతి. గ్రీకు ఖగోళ పండితుడు టాలెమీని గురువుగా భావిస్తూనే, అతని గ్రంథాలలోని వైరుధ్యాలను ఎత్తిచూపుతూ ఆయన ప్రత్యేకంగా ఒక పుస్తకం రచించారు.

ఇబ్నుల్ హైసమ్ జీవితంలో జగద్విదితమైన ఘట్టం నైలు నదికి సంబంధించినది. ఈ వృత్తాంతాన్ని మనకు అందించినవాడు ఇబ్నుల్ ఖిఫ్తీ అనే చరిత్రకారుడు. అతడు సుమారు రెండు వందల సంవత్సరాల తరువాతివాడు కనుక కథలో కొంత అల్లిక ఉండవచ్చునని పాఠకులు గమనించాలి. ఆ కాలంలో ఈజిప్టును ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ పరిపాలిస్తున్నాడు. 996లో పదకొండేళ్ల ప్రాయంలో సింహాసనమెక్కిన ఈ ఖలీఫా విచిత్రమైన స్వభావం కలవాడు. 1005లో కైరో నగరంలో విజ్ఞాన భవనాన్ని నెలకొల్పి పండితులను పోషించినవాడూ అతడే; ములూఖియా అనే ఆకుకూరను ప్రజలు తినరాదని శాసించినవాడూ అతడే. మన సీమలో ఎవరైనా పుంటికూరను నిషేధిస్తే ఎట్లుంటుందో ఊహించుకుంటే ఆ శాసనం తీరు మనకు బోధపడుతుంది. కోపం వస్తే ప్రాణాలు తీయించడానికి కూడ అతడు వెనుదీయడని ప్రతీతి.

నైలు నది ఒక ఏడు పొంగి ఊళ్లను ముంచుతుంది. మరొక ఏడు చాలినంత పొంగక పొలాలను ఎండబెడుతుంది. తాను ఈజిప్టులో ఉన్నట్లయితే ఈ రెండు అవస్థలలోనూ ఉపకరించే ఏర్పాటు చేయగలనని ఇబ్నుల్ హైసమ్ అన్నట్లు ఖలీఫా చెవిని పడింది. వెంటనే ఆయనను పిలిపించి, నగరద్వారం వెలుపలి వరకు స్వయంగా ఎదురువెళ్లి స్వాగతమిచ్చి, పనివారినీ, సామగ్రినీ సమకూర్చి దక్షిణాదికి పంపాడు. తుంగభద్ర దిగువ కాలువలో నీరు వచ్చిన ఏడు ఒకలాగానూ, రాని ఏడు మరొకలాగానూ బ్రతికే ఆదోని, యెమ్మిగనూరు ప్రాంతాలవారికి ఆ ఖలీఫా ఆత్రుత వింతగా తోచదు. హోసపేట వద్ద 1953లో పూర్తయిన ఆనకట్టలో ఒక గేటు 2024 ఆగస్టులో కొట్టుకుపోయినప్పుడు మన రైతులు ఎంత కలవరపడ్డారో మేము కన్నులారా చూచాం.

ఇబ్నుల్ హైసమ్ నది వెంబడి ప్రయాణం చేశారు. దారి పొడుగునా ప్రాచీన ఈజిప్టువారి దేవాలయాలు, శిల్పాలు, బ్రహ్మాండమైన కట్టడాలు కనిపించాయి. వాటి కొలతలలోని కచ్చితత్వాన్ని చూచిన కొద్దీ ఆయన మనస్సులో ఒక ఆలోచన బలపడసాగింది. ఇంతటి గణితమూ, ఇంతటి శిల్పమూ తెలిసినవారికి నైలును అదుపు చేయడం సాధ్యమే అయివుంటే వారు ఏనాడో చేసి ఉండేవారు కదా అని. అస్వాన్ నగరానికి ఎగువన అల్ జనాదిల్ అనే ప్రదేశానికి చేరి అన్ని వైపుల నుండి నదిని పరీక్షించారు. తాను దూరాన ఉండి ఊహించినట్లు అక్కడి భూమి లేదు. అప్పటి సాధనాలతో ఆ పని అలవికాదని తేలిపోయింది. ఆయన తిరిగివచ్చి, తన ఊహ తప్పని ఖలీఫా ఎదుట ఒప్పుకున్నారు. ఆ ప్రాంతంలోనే అస్వాన్ వద్ద 1902లో ఒక ఆనకట్ట, 1970లో అంతకంటె పెద్దదైన మరొక ఆనకట్ట పూర్తయ్యాయన్న విషయం తెలిసిన మనం, ఆయన కలను హేళన చేయలేం. కాని తొమ్మిది వందల ఏళ్ల ముందు పుట్టిన కలకు అప్పటి పారలూ, గడ్డపారలూ చాలవు.

ఖలీఫా పైకి ఏమీ అనక, ఒక కార్యాలయంలో ఉద్యోగం ఇచ్చాడు. ఆ ఉద్యోగం ఇబ్నుల్ హైసమ్‌కు ప్రీతితో కాక భీతితోనే సాగింది. ఏ క్షణాన ఏ ఆజ్ఞ వెలువడుతుందో తెలియని కొలువు అది. తప్పించుకొనడానికి ఆయనకు ఒకే ఉపాయం తోచింది: పిచ్చివాడుగా నటించడం. మతిలేనివానిని ధర్మశాస్త్రం దండించదు. ఆస్తి స్వాధీనమైంది; ఆయనను చూచుకొనడానికి ఒక సంరక్షకుని నియమించి, సొంత ఇంటిలోనే నిర్బంధించారు. 1021 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఖలీఫా ముఖత్తమ్ కొండలవైపు వెళ్లి తిరిగిరాలేదు. ఆ మరణవార్త స్థిరపడిన పిదపనే ఇబ్నుల్ హైసమ్ తన నటన చాలించి లోకం ఎదుటికి వచ్చారు. దృగ్విద్యపై ఏడు సంపుటాల మహాగ్రంథం కితాబుల్ మనాజిర్‌లో అధికభాగం ఈ నిర్బంధ కాలంలోనే రూపొందిందని సంప్రదాయం. లాటిన్‌లోకి అనువదింపబడిన ఆ గ్రంథం 1572లో బాసెల్ నగరంలో అచ్చయి, ఐరోపా శాస్త్రజ్ఞులకు శతాబ్దాల పాటు పాఠ్యమైంది. దానిని గూర్చి వేలకొలది పుటలు వెలువడ్డాయి కనుక ఇక్కడ విస్తరించం.

మేము ప్రత్యేకించి చెప్పదలచినది ఆయన రచించిన ఒక లఘు గ్రంథాన్ని గూర్చి. ఒక సంఖ్యా సమస్యను సాధించడమే దాని విషయం. ఆ సమస్యను మన ఊరి భాషలో ఇట్లు చెప్పవచ్చు. ఆదోనిలోని ఒక గిడ్డంగిలో కొన్ని పత్తి బేళ్లు ఉన్నాయనుకుందాం. వాటిని రెండేసి చొప్పున పేర్చితే ఒకటి మిగులుతుంది. మూడేసి, నాలుగేసి, అయిదేసి, ఆరేసి చొప్పున పేర్చినా ఒక్కటే మిగులుతుంది. ఏడేసి చొప్పున పేర్చితే మాత్రం ఏమీ మిగలదు. బేళ్లు ఎన్ని? ఈ ప్రశ్న ఆయన పుట్టించినది కాదు. మన దేశంలో క్రీ.శ. 629లో ఆర్యభటీయానికి వ్యాఖ్యానం వ్రాసిన మొదటి భాస్కరుడు ఇదే సమస్యను ఉదాహరణగా చూపారు. ఇటలీలో ఫిబొనాచీ 1202 నాటి తన గ్రంథంలో దీనిని చేర్చారు. దేశాలు దాటి తిరిగిన లెక్క ఇది.

ఇబ్నుల్ హైసమ్ దీనికి రెండు దారులు చూపారు. మొదటి దారి ఇది. 1 నుండి 6 వరకు గల సంఖ్యలను వరుసగా గుణిస్తే 720 వస్తుంది. దానికి 1 కలిపితే 721. ఈ 721ని 2, 3, 4, 5, 6లలో దేనితో భాగించినా శేషం 1 రావడంలో ఆశ్చర్యం లేదు. 720లో ఆ సంఖ్యలన్నీ కారణాంకాలుగా ఇమిడే ఉన్నాయి. కాని అదే 721ని 7తో భాగిస్తే నిశ్శేషంగా 103 వస్తుంది. ఇది మాత్రం ఆలోచింపదగిన విషయం. 7ను మనం ఎక్కడా గుణించలేదే! 720 పక్కన ఒక్కటి చేర్చగానే అది 7కు లోబడడమేమి?

సామాన్యుడైతే ఇది యాదృచ్ఛికమని వదలివేసేవాడు. ఇబ్నుల్ హైసమ్ అక్కడ ఆగలేదు. ఇది 7కు మాత్రమే చెందిన వింత కాదనీ, ప్రతి ప్రధాన సంఖ్యకూ తప్పనిసరియైన లక్షణమనీ ఆయన ఆ గ్రంథంలో స్పష్టంగా ప్రకటించారు. ప్రధాన సంఖ్య అంటే 1తోనూ, తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగింపబడనిది. ఉర్దూలో ముఫ్రద్ అదద్ అంటారు. 24 బేళ్లను నాలుగు వరుసలుగానో, ఆరు వరుసలుగానో సమంగా పేర్చవచ్చు. 23 బేళ్లను ఒకే వరుసగా తప్ప సమంగా పేర్చడం ఎవరి తరమూ కాదు. అటువంటి ఏ ప్రధాన సంఖ్యనైనా తీసుకొని, దానికంటె చిన్నవైన సంఖ్యలన్నిటినీ గుణించి 1 కలిపితే, వచ్చిన మొత్తం ఆ ప్రధాన సంఖ్యతో నిశ్శేషంగా భాగింపబడుతుంది. పాఠకులు స్వయంగా చేసి చూడవచ్చు. 5కు 24, ఒకటి కలిపితే 25. 11కు 36,28,800, ఒకటి కలిపి 11తో భాగిస్తే 3,29,891. 13కు 47,90,01,600, ఒకటి కలిపి 13తో భాగిస్తే 3,68,46,277. ఎక్కడా శేషం లేదు.

ఇందుకు కారణమేమన్నది తరువాతి గణితజ్ఞులు ఒక అందమైన దారిలో చూపారు. 11నే తీసుకుందాం. 2ను 6తో గుణిస్తే 12. 11తో భాగిస్తే శేషం 1. 3, 4లు కూడ అంతే. 5ను 9తో గుణిస్తే 45, శేషం 1. 7ను 8తో గుణిస్తే 56, శేషం 1. ఇట్లు ప్రతి సంఖ్యకూ ఒక జోడు దొరికి, జంట జంటగా అన్నీ 1గా కరిగిపోతాయి. జోడు లేక మిగిలేవి మొదట ఉన్న 1, చివర ఉన్న 10 మాత్రమే. కనుక మొత్తం గుణకారానికి శేషం 10. దానికి 1 కలిపితే 11. ప్రధాన సంఖ్య ఎంత పెద్దదైనా ఈ జోడింపు తప్పదు. ఇక ప్రధానం కాని సంఖ్య విషయమేమంటే, ఉదాహరణకు 9ని చూడండి. దాని కారణాంకమైన 3 అంతకుముందే గుణకారంలో పడిపోయింది. అందువల్ల ఆ గుణకారం 3తో భాగింపబడుతుంది. దానికి 1 కలిపిన సంఖ్య భాగింపబడదు. 3తోనే భాగింపబడనిది 9తో ఎట్లు భాగింపబడుతుంది? కాబట్టి ఈ ఆనవాలు ప్రధాన సంఖ్యలన్నిటికీ ఉన్నది, మరి దేనికీ లేదు.

రెండవ దారిలో ఆయన 2 నుండి 6 వరకు గల సంఖ్యల క.సా.గు. అయిన 60ని ఆధారం చేసుకున్నారు. 60 గుణిజాలకు ఒకటి కలుపుతూ పోతే 7కు లోబడే మొదటి సంఖ్య 301. అక్కడి నుండి 420 చొప్పున కలుపుతూ పోతే 721, 1141 ఇట్లు అంతులేని సమాధానాలు లభిస్తాయి. గిడ్డంగి యజమానికి 301 చాలును. గణితజ్ఞునికి మాత్రం 721యే విలువైనది. దారి ప్రధాన సంఖ్యలన్నిటికీ తెరచుకున్నది అక్కడే కదా.

ఈ లక్షణానికి నేటి పుస్తకాలలో విల్సన్ సిద్ధాంతమని పేరు. కేంబ్రిడ్జిలో చదివిన జాన్ విల్సన్ దీనిని గమనించగా, ఎడ్వర్డ్ వేరింగ్ 1770లో తన గ్రంథంలో ప్రకటించారు. ఇద్దరిలో ఎవరూ నిరూపించలేకపోయారు. ప్రధాన సంఖ్యలకు తగిన సంకేతం లేనందున నిరూపణ కష్టమని వేరింగ్ సమర్థించుకున్నారు. మరుసటి సంవత్సరమే లాగ్రాంజ్ నిరూపించారు. 1801లో గౌస్, ఇటువంటి సత్యాలకు కావలసినది సంకేతం కాదు, భావన అని చురక అంటించారు. ఆ చురకకు ఇబ్నుల్ హైసమ్ రచనే మంచి సాక్ష్యమని మాకు తోస్తున్నది. ఆయన చేతిలో సమీకరణం లేదు, కూడిక గుర్తు లేదు, గుణకార గుర్తు లేదు. అంతా అరబ్బీ వాక్యాలలోనే నడచింది. విల్సన్‌కు ఏడున్నర శతాబ్దాల ముందే ఈ మాట వ్రాయబడిందన్న విషయాన్ని గణితచరిత్రకారుడు రుష్దీ రాషెద్ 1980లో వివరంగా చర్చించారు.

ఇక్కడ మేము ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. ముస్లిం విద్వాంసుల ఘనతను చెప్పే సందర్భాలలో ఉత్సాహం హద్దు మీరడం, ప్రతి ఆవిష్కరణనూ మనవారికే అంటగట్టడం మన సభలలో అప్పుడప్పుడు జరుగుతున్నది. ఇబ్నుల్ హైసమ్ ఈ లక్షణాన్ని గుర్తించారు, సార్వత్రికంగా ప్రకటించారు, వినియోగించారు. ఆ లఘు గ్రంథంలో దానికి నిరూపణ లేదు. నిరూపణ కీర్తి లాగ్రాంజ్‌దే. నైలు తీరం నుండి తిరిగివచ్చి, ప్రాణాలకు వెరవక తన ఓటమిని విన్నవించుకున్న వ్యక్తికి చేయనిదానిని అంటగట్టడం గౌరవం కాజాలదని మా అభిప్రాయం.

పరిపూర్ణ సంఖ్యల విషయంలో కూడ ఆయన కథ ఇటువంటిదే. తన కారణాంకాల మొత్తానికి తానే సమానమైన సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు. 6కు 1, 2, 3 కారణాంకాలు. వాటి మొత్తం 6. ఆ తరువాతిది 28. యూక్లిడ్ చెప్పిన సూత్రం ఇది: 1, 2, 4, 8 ఇట్లు రెట్టింపు అవుతూ పోయే సంఖ్యలను కూడుతూ పోవాలి; మొత్తం ప్రధాన సంఖ్య అయినచోట ఆగి, దానిని చివరి సంఖ్యతో గుణించాలి. 1, 2ల మొత్తం 3. 2తో గుణిస్తే 6. 1, 2, 4ల మొత్తం 7. 4తో గుణిస్తే 28. తరువాత 31తో 496, 127తో 8128 లభిస్తాయి. సరి సంఖ్యలలో పరిపూర్ణమైనవన్నీ ఈ సూత్రం నుండే రావాలి, వేరే దారి లేదు అని చెప్పడానికి ప్రయత్నించినవారిలో మనకు తెలిసినంతలో మొదటివాడు ఇబ్నుల్ హైసమ్. ఆయన ప్రయత్నం పూర్తిగా ఫలించలేదు. ఫలింపజేసినది ఆయిలర్, అదీ ఆయన మరణానంతరం 1849లో అచ్చయిన రచనలో. ఈ మధ్యకాలంలో పదమూడవ శతాబ్దికి చెందిన ఇబ్న్ ఫల్లూస్ అనే విద్వాంసుడు పది పరిపూర్ణ సంఖ్యల పట్టిక వ్రాయగా, అందులో మొదటి ఏడు సరియైనవి, తక్కిన మూడు తప్పు.

తప్పడానికి కారణమున్నది. రెట్టింపుల మొత్తం ఎక్కడ ప్రధానమవుతుందో చూడగానే తెలియదు. 2ను పదకొండు పర్యాయాలు గుణించి 1 తీసివేస్తే 2047. చూపునకు ప్రధాన సంఖ్యవలెనే ఉంటుంది. కాని అది 23ను 89తో గుణించగా వచ్చినది. మన రాయలసీమ ముద్దుబిడ్డ, ప్రొద్దుటూరు సమీపాన కల్లూరులో 1907లో జన్మించిన లక్కోజు సంజీవరాయశర్మ గారు పుట్టంధులు. తమ గణితావధానంలో 2 యొక్క 103వ ఘాతమెంత అని అడుగగా 32 అంకెల జవాబును నోటితోనే చెప్పారు. అది అసామాన్య ప్రజ్ఞ. ఆ సంఖ్య నుండి 1 తీసివేస్తే వచ్చేది ప్రధానమా కాదా అన్నది మాత్రం వేరు ప్రశ్న. కాదు, దానిని 255,01,83,799 నిశ్శేషంగా భాగిస్తుంది. సంఖ్యను కట్టడం ఒక విద్య, దాని పుట్టుక తెలుసుకొనడం మరొక విద్య.

మరి ఇబ్నుల్ హైసమ్ ఆనవాలుతో పెద్ద సంఖ్యలను పరీక్షించలేమా? సూత్రం ఎన్నటికీ తప్పు చెప్పదు. మనకు ఆయుష్షు చాలదు. 2 యొక్క 31వ ఘాతం నుండి 1 తీసివేస్తే 214,74,83,647. ఇది ప్రధాన సంఖ్య అని ఆయిలర్ 1772లో తెలియజేశారు. దీనిని ఇబ్నుల్ హైసమ్ పద్ధతిలో పరీక్షించాలంటే ఇంచుమించు 214 కోట్ల గుణకారాలు చేయాలి. సెకనుకు ఒకటి చొప్పున రాత్రింబవళ్లు చేసినా 68 సంవత్సరాలు పడుతుంది. అందువల్లనే ఫ్రెంచి గణితజ్ఞుడు లూకాస్ వేరొక ఉపాయం కనిపెట్టి, 127వ ఘాతం నుండి 1 తీసివేయగా వచ్చే 39 అంకెల సంఖ్య ప్రధానమని 1876లో చూపారు. 1951 వరకు అంతకంటె పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియదు. తరువాత యంత్రాలు వచ్చాయి. 2024 అక్టోబరులో కనుగొనబడిన ప్రధాన సంఖ్య 2 యొక్క 13,62,79,841వ ఘాతం నుండి 1 తీసివేయగా వచ్చినది. దానిలోని అంకెలు 4,10,24,320. పుటకు 2,500 అంకెల చొప్పున అచ్చువేస్తే 16,400కు పైగా పుటలు కావాలి. అంతటి సంఖ్యకు కూడ ఇబ్నుల్ హైసమ్ చెప్పిన ఆనవాలు ఉన్నది. దానికంటె చిన్న సంఖ్యలన్నిటినీ గుణించి చూచేవాడు ఏ లోకంలోనూ పుట్టబోడు. ఐనా ఒకటి కలిపితే శేషముండదని మనం నిశ్చయంగా చెప్పగలం. గణితంలో మమ్ములను అన్నిటికంటె ఆశ్చర్యపరచే సంగతి ఇదే. ఏ సంఖ్యనైనా త్వరితంగా, సందేహానికి తావులేకుండా పరీక్షించే సాధారణ పద్ధతిని 2002లో కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ప్రకటించారు. వారిలో ఇద్దరు అప్పుడే పట్టభద్రులైన విద్యార్థులన్న విషయం మన విద్యార్థులు గమనింపదగినది.

ఇబ్నుల్ హైసమ్ చివరి దినాలకు తిరిగి వద్దాం. స్వేచ్ఛ పొందిన పిదప ఆయన ఏ కొలువునూ ఆశ్రయించలేదు. కైరోలోని అల్ అజ్‌హర్ మస్జిదు ద్వారం సమీపాన ఒక గుమ్మటం కింద నివాసం ఏర్పరచుకొని, రచన, బోధన, గ్రంథాల నకళ్లు వ్రాయడం అనే మూడు పనులతో కాలం గడిపారు. ఆయన రచనలుగా చరిత్రకారుడు ఇబ్న్ అబీ ఉసైబియా ఇచ్చిన పట్టికలలో తొంభైకి పైగా పేర్లున్నాయి. వాటి ఆధారంగా ఈ పేరుగల విద్వాంసులు ఇద్దరు ఉండి ఉంటారని రాషెద్ వాదించగా, అందరూ దానిని అంగీకరించలేదు. ఆ వివాదం పండితులకు వదలుదాం.

ఆయన జీవనోపాధి మాత్రం నకళ్లే. ఏడాదికి మూడు గ్రంథాలను తన చేతితో ప్రతులు తీసేవారు: యూక్లిడ్ మూలసూత్రాలు, టాలెమీ అల్‌మజిస్తీ, ఆ రెంటికీ నడుమ చదువుకొనే గణిత గ్రంథాల సంపుటి. ఆ మూడింటికి 150 ఈజిప్టు దీనారాలు ముట్టేవి. బేరం లేదు, ఎక్కువ తక్కువలు లేవు. ఆ సొమ్ముతోనే సంవత్సరం గడిచేది. యూక్లిడ్ గ్రంథంలోని తొమ్మిదవ భాగంలోనే ప్రధాన సంఖ్యలు ఎన్ని లెక్కపెట్టినా ఇంకా మిగిలే ఉంటాయన్న నిరూపణ ఉన్నది. కొద్ది పుటల తరువాత అదే భాగం చివర పరిపూర్ణ సంఖ్యల సూత్రం ఉన్నది. ఆ పుటలను ఆయన ఏటేటా అక్షరం అక్షరం వ్రాస్తూ వచ్చారు. 1040 ప్రాంతంలో, డెబ్బది అయిదేళ్ల వయస్సులో, కైరోలోనే ఆయన పరమపదించారు.